తిరుపతి ఇళ్లలో పీస్ లిల్లీ పెంపకం

నర్సరీ నుంచి తెచ్చిన పీస్ లిల్లీ మొదటి నెలంతా ముదురాకుపచ్చ ఆకులతో, తెల్లని పూలతో కళకళలాడి, రెండో నెలలో ఆకుల కొసలు మాడి, మూడో నెలకు మొదలు కుళ్లిపోవడం తిరుపతిలో చాలా ఇళ్లలో జరిగేదే. మా ఇంట్లో మొదటి మొక్క కూడా అలాగే పోయింది. నీళ్లు చాలక కాదు, రోజూ పొద్దున్నే తప్పకుండా పోసినందువల్ల పోయింది.

పేరులో లిల్లీ ఉన్నా ఇది లిల్లీ జాతి మొక్క కాదు. దీని శాస్త్రనామం స్పాతిఫిల్లమ్; మనం వండుకునే చేమ, కంద, ఇంటింటా కనిపించే మనీప్లాంటు, ఆంథూరియం ఉన్న కుటుంబమే దీనిదీ. ఇళ్లలో పెంచే రకాలకు మూలమైన మొక్కలు ఎక్కువగా మధ్య, దక్షిణ అమెరికాల వాన అడవులకు చెందినవి. అక్కడ పెద్ద చెట్ల నీడన, రాలిన ఆకులు చివికి గుల్లబారిన నేలలో ఇవి పెరుగుతాయి. నీడ, గాలి ఆడే తడి మట్టి, ఉప్పు లేని నీరు, ఈ మూడే దీనికి కావలసినవి. తిరుపతిలో కష్టం మూడోదానితోనే.

మన బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. కుండీ అంచున తెల్లటి పొర పేరుకుంటున్నదంటే, ఆకు కొసలు గోధుమరంగుకు తిరిగి ఎండుతున్నవంటే, మట్టిలో ఆ ఉప్పు నిలుస్తున్నదని అర్థం. రాత్రంతా బకెట్టులో నిలవ ఉంచితే కుళాయి నీటిలోని క్లోరిన్ కొంత పోవచ్చు గాని, లవణాలు పోవు. ఆర్వో యంత్రం బయటికి వదిలే నీళ్లను వృథా చేయకూడదన్న మంచి ఉద్దేశంతో కుండీలకు పోసేవారున్నారు. ఆ నీళ్లలో లవణాలు మరింత చిక్కబడి ఉంటాయి కనుక ఈ మొక్కకు అవి బొత్తిగా పనికిరావు. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. మొదటి జల్లులకు మిద్దె కడుక్కుపోయిన తరువాత వచ్చే నీటిని రెండు మూడు డ్రమ్ములలో పట్టి, దోమలు చేరకుండా గట్టిగా మూతపెట్టి ఉంచుకుంటే ఒకటి రెండు మొక్కలకు వేసవి దాకా సరిపోతాయి. రెండు నెలలకొకసారి ఆ నీటిని కుండీ అడుగు నుంచి ధారగా కారిపోయేంత పోస్తే మట్టిలో చేరిన ఉప్పు చాలావరకు కొట్టుకుపోతుంది.

నీళ్లు ఎప్పుడు పోయాలన్నది తేదీని బట్టి కాక మట్టిని బట్టి నిర్ణయించుకోవాలి. చూపుడువేలు ఒక కణుపు లోతున దించి, అక్కడ పొడిగా తగిలితేనే పోయాలి. మా ఎనిమిది అంగుళాల కుండీకి మే నెలలో మూడు రోజులకొకసారి, నవంబరు ముసుర్లలో పది రోజులకొకసారి నీరు సరిపోతున్నది. దాహమైతే ఈ మొక్క ఆకులన్నీ ఒక్కసారిగా వేలాడేసి, నీళ్లు పోసిన కొన్ని గంటలకే మళ్లీ నిలబడుతుంది. అయితే వేర్లు కుళ్లినప్పుడు కూడా ఆకులు అలాగే వేలాడతాయి. కనుక వాలిన మొక్కను చూడగానే చెంబు అందుకోక, ముందు మట్టిని తాకి చూడాలి. మట్టి తడిగా ఉండి మొక్క వాలిందంటే వెంటనే కుండీలో నుంచి తీసి, నల్లబడి మెత్తనైన వేర్లను కత్తిరించి, కొత్త మట్టిలో నాటాలి.

మన ఎర్రమట్టి ఒక్కటే వేస్తే నీరు నిలిచి బిగుసుకుపోతుంది. ఉప్పు పోయేలా రెండు మూడుసార్లు కడిగిన కొబ్బరిపొట్టు రెండు పాళ్లు, వర్మీకంపోస్టు ఒక పాలు, ముతక ఇసుక గాని పెర్లైటు (నర్సరీలలో దొరికే తేలికైన తెల్లని రాతి గుళికలు) గాని ఒక పాలు కలిపితే మంచిది. కుండీకి అడుగున రంధ్రం తప్పనిసరి. అలంకారానికి పెట్టిన పైతొట్టిలో నీరు నిలవకుండా చూసుకోవాలి.

తూర్పు కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోటు దీనికి అనువైనది. పడమటి కిటికీ ఎండ మార్చి నుంచే ఆకులను మాడుస్తుంది. రోహిణి కార్తెలో వడగాలి తగలకుండా కుండీని గది లోపలికి జరపాలి. ఏసీ గాలికి, కూలరు గాలికి ఎదురుగా కూడా పెట్టకూడదు. అలాగని చీకటి మూలకు నెడితే బతుకుతుంది గాని పూయదు. మనం పువ్వు అనుకునే తెల్లనిది నిజానికి మారిన ఆకు. అసలు పూలు దాని మధ్యనున్న కంకిపై చిన్నవిగా ఉంటాయి. ఆ తెలుపు కొన్ని వారాలకు ఆకుపచ్చగా మారడం సహజమే, తెగులు కాదు. పెంపకందారులు జిబ్బరెల్లిక్ ఆమ్లం అనే మొక్కల హార్మోను వాడి పూయించిన మొక్కలు కూడా అమ్మకానికి వస్తాయి కనుక, ఇంటికి తెచ్చాక చాలాకాలం పూయకపోయినా దిగులు పడనక్కరలేదు. వాడిన పూకాడను మొదలుకంటా కోసేయాలి.

ఎరువుగా నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉన్న 19:19:19 ను లీటరు నీటికి ఒక గ్రాము చొప్పున ఆరు వారాలకొకసారి ఇస్తే చాలు. చలికాలంలో అదీ అక్కరలేదు. పిండినల్లి కనిపిస్తే తడిగుడ్డతో తుడిచి, లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా ద్రవ సబ్బు కలిపి సాయంత్రం పిచికారీ చేయాలి.

కంద తరిగినప్పుడు చేతులు దురదపెట్టడానికి కారణమైన కాల్షియం ఆక్సలేటు స్ఫటికాలే దీని ఆకుల్లోనూ ఉన్నాయి. పసిపిల్లలు, పిల్లులు, కుక్కలు నమిలితే నోరు మండి, చొంగ కారుతుంది. నోరు కడిగించి వైద్యునికి చూపాలి. అందని ఎత్తున పెట్టడం మేలు. ఇక గాలిని శుభ్రపరుస్తుందన్న పేరు 1989 నాటి నాసా పరిశోధనతో వచ్చింది. అది మూసిన చిన్న పెట్టెలలో చేసిన ప్రయోగం కనుక, గదిలోని ఒకటి రెండు కుండీల నుంచి అంత ఫలితం ఆశించకూడదు.

రెండేళ్లకు వేర్లు కుండీ నిండా అల్లుకుంటాయి. ఎండలు తగ్గిన జూలైలో మొక్కను తీసి, ఒక్కొక్క దానికి మూడు నాలుగు ఆకులు, సొంత వేర్లు ఉండేలా పిలకలను చేతితో మెల్లగా విడదీసి, చిన్న కుండీలలో నాటుకోవాలి. కొత్త పిలక వారం పది రోజులు వాడి ఉంటుంది. ఆ రోజుల్లో ఎరువు వేయక, మట్టిని కాస్త తడిగా ఉంచి, నీడన వదిలేయాలి.