గాలాపగోస్‌కు పోతున్నారా? ముందు బ్యాగు పక్క జేబులు చూసుకోండి

నల్గొండ నుంచి అమెరికాకు పోయే అమ్మానాన్నల పెట్టె ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. బట్టలు ఒక మూలకు, మిగతాదంతా పచ్చళ్లు, సకినాలు, కారప్పొడి, ఎండబెట్టిన చింతచిగురు. మాదీ అంతే. పోయిన ఏడు మా అబ్బాయి డల్లాస్ నుంచి గాలాపగోస్ దీవులకు టికెట్లు తీశాడు. దేవరకొండలో సర్దిన పెట్టెలోంచి సగం దించేసి, మిగతా సగంతో అలాగే బయల్దేరాం. దక్షిణ అమెరికా దేశం ఈక్వెడార్‌లోని గ్వాయాకిల్ విమానాశ్రయంలో దీవులకు పోయే సామాను విడిగా తనిఖీ చేస్తారు. అక్కడ ఒక అమ్మాయి మా ఆవిడ బ్యాగు పక్క జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసింది. గోంగూర గింజలు! కోడలు పెరట్లో వేసుకుంటుందని తెచ్చి, మర్చిపోయిన పొట్లం. (నిజానికి అమెరికాకు కూడా వాటినలా తీసుకుపోకూడదు.) ఆ పిల్ల ఏమీ అనలేదు. పొట్లం డబ్బాలో పడేసి తల అడ్డంగా ఊపింది. ముప్పై ఏళ్లు బడిలో జీవశాస్త్రం చెప్పినవాణ్ని, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఈమధ్య మిర్యాలగూడ, నాగర్‌కర్నూల్ వైపు నుంచి ఒకరిద్దరు ఫోన్ చేసి, "సార్, పిల్లలు మమ్మల్ని గూడ ఆడికి తీస్కపోతమంటున్నరు. పాములుంటయా?" అని అడిగారు. ఉంటాయి, సన్నవి. మన దారిన మనం పోతే వాటి దారిన అవి పోతాయి. అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి కాబట్టి ఇది రాస్తున్నాను.

ఈక్వెడార్ తీరానికి పడమరగా దాదాపు 1,000 కిలోమీటర్ల దూరంలో, సముద్రం అడుగున అగ్నిపర్వతాలు కక్కిన లావా పేరుకుని లేచిన దీవులివి. ఫెర్నాండినా దీవిలో 2024 మార్చిలో కూడా లావా పారింది. ఏ ఖండానికీ ఎప్పుడూ అతుక్కుని లేని నేల కాబట్టి, ఎగిరో, ఈదో, కొట్టుకొచ్చిన చెట్టు మొద్దు మీద ఎక్కో చేరిన వాటి సంతానమే అక్కడ ఉంది. నేల మీద పులి, నక్క లాంటివి లేవు. తరిమేవాళ్లు లేకపోయేసరికి అక్కడి నీటికాకి ఎగరడమే మర్చిపోయింది. మన చెరువు కట్ట మీద రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకిని చూసిన కళ్లతో దాన్ని చూడండి. పీలికల్లాంటి రెక్కలు రెండు చాపి, అదే ఠీవితో నిలబడుతుంది. సముద్రంలో మునిగి నాచు మేసే బల్లి జాతి ప్రపంచం మొత్తంలో ఇక్కడే ఉంది. ఈ ఇగువానాలు మేసొచ్చి, నల్లరాళ్ల మీద గుంపుగా పడుకుని, ముక్కుల్లోంచి ఉప్పునీళ్లు చీదుతుంటాయి. ఎల్‌ నినో వచ్చి నీళ్లు వేడెక్కిన ఏడు వాటికి నాచు దొరకదు. కరువొస్తే పాలమూరు మనిషి బొంబాయికి వలస పోయాడు, ఇవి ఎక్కడికి పోతాయి? ఒళ్లు పొడవే తగ్గించుకుంటాయి, ఎముకలతో సహా. మంచి రోజులొస్తే మళ్లీ పెరుగుతాయి. ఈ సంగతి నేను పిల్లలకు ఎప్పుడూ చెప్పలేదే అని ఇప్పుడు బాధపడుతుంటాను.

సరే, పెట్టె సంగతి. తాజా పండ్లు, కూరగాయలు, విత్తనాలు, మొక్కలు, మట్టి, పచ్చి మాంసం తీసుకుపోకూడదు. కరివేపాకు రెబ్బ, తమలపాకు, పూజకని పెట్టుకున్న తులసి కూడా ఇందులోకే వస్తాయి. ఇంట్లో చేసిన పొడులు, పచ్చళ్లు వాళ్లకు చూపించి అడగండి, దాచకండి. నన్నడిగితే గాలాపగోస్‌కు వేరే చిన్న బ్యాగు కొత్తగా సర్దుకోవడం మేలు. తనిఖీ అయ్యాక బ్యాగుకు సీలు వేస్తారు, దీవిలో దిగేదాకా దాన్ని తెంపొద్దు.

గింజ దగ్గర ఇంత పట్టింపు ఎందుకో అర్థం కావాలంటే మన పొలాల గట్లు చూస్తే చాలు. సర్కారు తుమ్మ మన చెట్టా? ఎక్కడో అమెరికా ఖండం నుంచి వంటచెరుకు కోసమని తెచ్చిపెట్టారు. ఇవాళ పాలమూరు చెరువుల శిఖం భూములు దానివే. వయ్యారిభామ సంగతి రైతుకు వేరే చెప్పాలా? గాలాపగోస్‌లో ఆ విలన్ ఎవరో తెలిస్తే ఆశ్చర్యపోతారు. జామచెట్టు! మనం ఉప్పూకారం అద్దుకుని తినే జామే అక్కడ కొండలెక్కి అడవిని మింగుతోంది. బ్లాక్‌బెర్రీ ముళ్లపొదలు ఇంకో పక్క.

జంతువుల కథ ఇంకా దారుణం. పింటా అనే దీవిలో 1959లో చేపలు పట్టేవాళ్లు మూడు మేకలను వదిలారు, మళ్లీ వచ్చినప్పుడు మాంసానికి ఉంటాయని. పదిహేనేళ్లు తిరిగేసరికి అవి వేలకు వేలయ్యాయి. తాబేళ్లు తినే గడ్డీ పొదా అన్నీ నాకేశాయి. నావికులు కూర కోసం మోసుకుపోగా మిగిలిన తాబేళ్ల జాతిలో 1971లో ఒక్కటంటే ఒక్క మగది కనిపించింది. జార్జ్ అని పేరు పెట్టి, నలభై ఏళ్లు దానికి జోడు వెతికారు. దొరకలేదు. 2012 జూన్ 24న అది చనిపోయింది. ఇసబెలా, సాంటియాగో దీవులను కాపాడటానికి 1997లో మొదలుపెట్టిన పనిలో 2006 నాటికి దాదాపు లక్షన్నర మేకలను చంపాల్సి వచ్చింది, చాలావాటిని హెలికాప్టర్ల నుంచి కాల్చి. చివరన దొరక్కుండా దాక్కున్న వాటి కోసం ఒక మేక మెడకు రేడియో పట్టీ కట్టి వదిలేవారట. ఒంటరిగా ఉండలేక అది తోటి మేకలను వెతుక్కుంటూ పోతుంది, దాని వెనకాలే తుపాకులు. మేకలు కాసుకునే మా ఊరి పెద్దాయనకు ఇది చెబితే "పాపం తగుల్తది సారూ" అని లేచిపోయాడు. నేనూ వాదించలేకపోయాను. మేకలు పోయాక అక్కడ చెట్లు మళ్లీ లేచాయి, అదీ నిజమే.

అందుకే చెప్పులు, బట్టలు కూడా చూసుకోవాలి. పొలానికి తొడిగిన బూట్లు అస్సలు వద్దు. అడుగున ఇరుక్కున్న పల్లేరుకాయ, ప్యాంటు మడతలో చిక్కిన ఉత్తరేణి గింజ ఎవరికీ కనిపించవు. బూట్ల అడుగు బ్రష్‌తో కడిగి ఆరబెట్టండి. చీరల ఫాల్ అంచులు తడిమి చూసుకోండి. ఒక దీవి నుంచి ఇంకో దీవికి పోయేటప్పుడు కూడా బూట్లు దులపండి, ఎందుకంటే ఒక దీవి తాబేలు వేరు, పక్క దీవి తాబేలు వేరు.

నడక ఎక్కువగా లావా రాళ్ల మీదే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఈ విషయం పిల్లలకు ముందే చెప్పండి, అక్కడికి పోయాక మొహమాటపడితే లాభం లేదు. హవాయి చెప్పులతో అయితే నడవలేరు.

ఇక కాలం. అమెరికాలో పిల్లల సెలవులు జూన్ నుంచి ఆగస్టు కదా, మనవాళ్లు ఎక్కువగా అప్పుడే పోతారు. అక్కడ అది మబ్బు, తుంపర, చల్లగాలి ఉండే కాలం. సముద్రం కూడా గట్టిగా ఊగుతుంది. జనవరి నుంచి మే వరకు ఎండ, వాన, వెచ్చని నీళ్లు. నాగార్జునకొండకు లాంచీలో పోయిన అనుభవం ఇక్కడ పనికిరాదు. మా ఆవిడ మొదటి గంటలోనే వాంతులతో సొమ్మసిల్లింది. డాక్టర్ చెప్పిన మాత్ర పడవ ఎక్కకముందే వేసుకోవాలి, ఎక్కాక వేసుకుంటే అది కూడా బయటికే వస్తుంది. మబ్బుంది కదా అని టోపీ వదిలేయొద్దు, భూమధ్యరేఖ మీద మబ్బు చాటునుంచి కూడా ఒళ్లు మాడుతుంది. కుళాయి నీళ్లు తాగొద్దు. ఈ మాట నల్గొండ వాళ్లకు రెండోసారి చెప్పాల్సిన పనిలేదనుకోండి.

బీపీ, గుండె సమస్య ఉన్నవాళ్లు ఈక్వెడార్ రాజధాని కీటో మీదుగా కాకుండా గ్వాయాకిల్ మీదుగా పోయేలా టికెట్ తీయమనండి. కీటో సముద్రమట్టానికి 2,850 మీటర్ల ఎత్తులో ఉంది, మెట్లెక్కినా ఆయాసమొస్తుంది. గ్వాయాకిల్ ఓడరేవు ఊరు, ఆ ఇబ్బంది లేదు. రోజూ వేసుకునే మాత్రలు చేతి బ్యాగులోనే, చీటీతో సహా ఉంచుకోండి. దీవుల్లో పెద్ద వైద్యం దొరకదు, సీరియస్ అయితే విమానంలో ఒడ్డుకు తేవాల్సిందే.

యెల్లో ఫీవర్ టీకా గురించి మనవాళ్లకు తెలియక టెన్షన్ పడతారు. ఈక్వెడార్ వదిలిన ఆరు రోజుల్లోపు ఇండియాలో దిగితే ఆ టీకా కార్డు ఉండాలి, లేకపోతే క్వారంటైన్‌లో పెడతారు. వేయించుకున్న పది రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది. అన్ని ఆస్పత్రుల్లోనూ వేయరు. మనకు దగ్గరిది హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్). అరవై దాటినవాళ్లకు ఈ టీకాతో ఇబ్బందులు వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి మీ డాక్టర్‌ను అడక్కుండా వేయించుకోవద్దు. నగదు కూడా చేతిలో ఉంచుకోండి. 2024 ఆగస్టు నుంచి గాలాపగోస్ నేషనల్ పార్కు ప్రవేశ రుసుము విదేశీ పెద్దవాళ్లకు 200 డాలర్లు.

దిగాక మొదటి పరీక్ష సముద్ర సింహాలు పెడతాయి. బస్టాండులో నిద్రపోయే ప్రయాణికుల్లా బెంచీల మీద పడుకుని ఉంటాయి. పిల్ల దగ్గరికొచ్చి మీ కాళ్లు వాసన చూస్తుంది. మీరే వెనక్కి జరగాలి, రెండు మీటర్ల దూరం నియమం. తల్లి పిల్లను గొంతుతోనూ, వాసనతోనూ గుర్తుపడుతుంది, మన చేతి వాసన దానికి అంటించొద్దు. పెద్ద మగదానికీ నీటికీ మధ్యలో మాత్రం నిలబడకండి, కరుస్తుంది. ఫ్లాష్ వద్దు, డ్రోన్ వద్దు, గైడు గీసిన దారి దాటొద్దు.

తిండి పెట్టడం మన రక్తంలోనే ఉంది. శ్రీశైలం పోతూ మన్ననూరు దాటగానే కారు అద్దం దించి కోతులకు అరటిపండ్లు విసురుతాం. ఆ కోతులు రోడ్డుకు అలవాటుపడి బండ్ల కింద పడటమూ చూస్తూనే ఉన్నాం. అక్కడ ఒక్క బిస్కెట్ ముక్క కూడా వద్దు. సముద్రుడికి కొబ్బరికాయ, పూలు, పసుపు కుంకుమ అని ఇంట్లో ఎవరైనా అంటే నచ్చజెప్పండి, దండం ఒక్కటి పెట్టుకుంటే చాలు.

ఒడ్డున మంజనీయో అనే చెట్టు ఉంటుంది. చిన్న ఆకుపచ్చ ఆపిల్ లాంటి కాయలు, మంచి వాసన. తాబేళ్లు తింటాయి, మనిషి తింటే నోరు, గొంతు పుండు పడతాయి. దాని పాలు తగిలినా బొబ్బలే. వానొస్తే ఆ చెట్టు కిందికి పరుగెత్తొద్దు.

ఏటి ఒడ్డున గుండ్రని రాయి కనిపిస్తే దేవుడి గూట్లో పెట్టుకునే అలవాటు మా ఇంట్లోనూ ఉంది. అక్కడ గులకరాయి, గవ్వ, ఇసుక, ఎముక ఏదీ తేకూడదు. 2021 మార్చిలో ఆ దీవుల్లోని బాల్ట్రా విమానాశ్రయంలో ఒక సూట్‌కేసును స్కాన్ చేస్తే ప్లాస్టిక్‌లో చుట్టిన 185 తాబేలు పిల్లలు బయటపడ్డాయి. అప్పటికే కొన్ని చచ్చిపోయాయి. ఆ తర్వాత అక్కడ పెట్టెలను ఎంత కళ్లల్లో వత్తులు వేసుకుని చూస్తారో ఊహించుకోండి.

మేం ఈక్వెడార్ వదిలిన నాలుగో రోజుకే శంషాబాద్‌లో దిగాం. కౌంటర్ దగ్గర టీకా కార్డు అడిగారు. నేను జేబులన్నీ వెతుక్కుంటుంటే మా ఆవిడ బ్యాగు పక్క జేబు జిప్పు లాగి, గోంగూర గింజలు ఉన్నచోటి నుంచి రెండు కార్డులూ తీసి ఇచ్చింది.