సీట్‌బెల్టు ఎత్తు సర్దే బటన్ మొరాయిస్తే: లక్షణం, కారణం, మరమ్మతు

ముందు సీట్లో కూర్చుని భుజం పక్కకు చూస్తే, రెండు తలుపుల మధ్య స్తంభం మీద బెల్టు మలుపు తిరిగే చోటు కనిపిస్తుంది. ఆ స్తంభం బి-పిల్లర్. బెల్టు దూరి వచ్చే ఉక్కు రింగు డి-రింగ్. డి-రింగ్ పైకీ కిందికీ జరిగేలా ఉంటే దాని వెనుక ఎత్తు సర్దే అడ్జస్టర్ ఉన్నట్టు. తక్కువ ధర వేరియంట్లు చాలావాటిలో ఇది ఉండదు, డి-రింగ్‌ను ఒకేచోట బోల్టుతో బిగించేస్తారు. అలాంటి బండిలో బటన్ కోసం వెతకడం దండగ.

మూత విప్పితే లోపల పెద్ద యంత్రమేమీ ఉండదు. పిల్లర్‌కు బిగించిన ఉక్కు పట్టా ఒకటి, దానికి వరుసగా గాడులు. పట్టా మీద జారే ఉక్కు ముక్క ఇంకొకటి, డి-రింగ్ బోల్టు బిగిసేది దీనికే. జారే ముక్కలో స్ప్రింగు తోసే పిన్ను ఉంటుంది. పిన్ను గాడిలో పడితే టక్కుమంటుంది, బటన్ నొక్కితే వెనక్కి వస్తుంది. మామూలుగా నాలుగైదు మెట్లుంటాయి. మన చేతికి తగిలే బటన్, పైన కనిపించే మూత మాత్రం ప్లాస్టిక్.

అందుకే ఏ ఫిర్యాదు వచ్చినా ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: పాడైంది ప్లాస్టిక్కా, ఉక్కా? ప్లాస్టిక్ అయితే ఇంటి దగ్గరే సరిచేసుకోవచ్చు. ఉక్కు అయితే మరమ్మతు లేదు, మొత్తం అడ్జస్టర్ మార్చాల్సిందే. బండి ఢీకొన్నప్పుడు ఛాతీ ముందుకు విసిరే బలం డి-రింగ్ మీదుగా ఆ చిన్న పిన్ను మీదకే వస్తుంది. బెల్టు బిగింపు స్థానాలకు సంబంధించిన ఐక్యరాజ్యసమితి 14వ నంబరు నిబంధన ప్రకారం, కార్ల పరీక్షలో భుజం పట్టీని 1,350 డెకాన్యూటన్ల బలంతో లాగుతారు. అంటే దాదాపు 1,375 కిలోల బరువు వేలాడదీసినట్టు. రాపిడితో గుండ్రబడిన పిన్నును ఆకురాయితో రుద్ది కొన తేల్చి మళ్లీ పెట్టే పనితనం ఇక్కడ పనికిరాదు.

ముందుగా ఒక నిమిషం పరీక్ష

బండి ఆపి, బెల్టు పెట్టుకోకుండా చేయాలి. డి-రింగ్‌ను అన్నిటికంటే పై మెట్టుకు తోసి, ఒక్కో మెట్టే కిందికి దింపండి. ప్రతి మెట్టులోనూ టక్కు వినపడాలి. అక్కడ బటన్ వదిలేసి, డి-రింగ్‌ను రెండు చేతులతో పట్టుకుని గట్టిగా కిందికి లాగండి. లాగాల్సింది ప్లాస్టిక్ మూతను కాదు, బెల్టు దూరే ఉక్కు రింగును. కొంచెం కూడా జారకూడదు. చాలా రకాల్లో పైకి తోయడానికి బటన్ అక్కర్లేదు, కిందికి దింపడానికే కావాలి. కాబట్టి నొక్కకుండానే పైకి పోతోందని కంగారుపడొద్దు. అది దాని తీరు.

బెల్టు మెడకు ఒరుసుకుంటోంది, లేదా భుజం మీంచి జారిపోతోంది

ఇది చాలాసార్లు రిపేరు కాదు, సర్దుబాటు. పట్టీ మెడకూ భుజం అంచుకూ సరిగ్గా మధ్యలో, కాలర్ ఎముక మీదుగా పోవాలి. మెడకు తగులుతుంటే డి-రింగ్ కిందికి, చేతి మీదకు జారుతుంటే పైకి. మొదట సీటు దూరం, ఎత్తు, వీపు వాలు సర్దుకుని, ఆ తర్వాతే బెల్టును సర్దండి. వరుస తిరగబడితే సీటు కదిపిన ప్రతిసారీ లెక్క తప్పుతుంది. సీటును బాగా వెనక్కి వాల్చి కూర్చునేవారికి పట్టీ ఛాతీని వదిలి గాల్లో ఉంటుంది. అడ్జస్టర్‌ను ఏ మెట్టులో పెట్టినా ఆ తేడా పోదు.

చీర కట్టుకున్నవారు ఒకటి గమనించాలి. ఎడమ సీట్లో కూర్చుంటే పమిటకు పెట్టే పిన్ను సరిగ్గా బెల్టు వెళ్లే దారిలోనే ఉంటుంది. రోజూ దానికి ఒరుసుకుంటే పట్టీ నేతలో పోగులు లేస్తాయి. పిన్నును కొంచెం వెనక్కి పెట్టుకుంటే సరిపోతుంది.

అడ్జస్టర్ లేని బండిలో సీటు ఎత్తు మీట ఉంటే దానితో సర్దుకోవాలి. పట్టీని మెడ నుంచి దూరంగా లాగి పట్టే ప్లాస్టిక్ క్లిప్పులు ఆన్‌లైన్‌లో అమ్ముతారు. అవి బెల్టులో వదులు తెస్తాయి, వాడొద్దు. పట్టీని చంక కిందుగా వేసుకోవడం అంతకంటే ప్రమాదం, బలమంతా పక్కటెముకల మీద పడుతుంది. పిల్లలకైతే దాదాపు 135 నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా బూస్టర్ సీటే మందు. డి-రింగ్‌ను అట్టడుగుకు దింపినా ఆ పని చేయదు.

బటన్ నొక్కినా కిందికి రావడం లేదు

బటన్ లోపలికి పోతోంది గానీ డి-రింగ్ కదలడం లేదంటే ముందు దాని మీది బరువు తీసేయండి. డి-రింగ్‌ను అర సెంటీమీటరు పైకి ఎత్తి పట్టుకుని, అప్పుడు బటన్ పూర్తిగా నొక్కి దింపండి. పిన్ను గాడి అంచుకు ఒత్తుకుని ఉంటే బటన్ ఒక్కటే దాన్ని వెనక్కి లాగలేదు. సగం ఫిర్యాదులు ఇక్కడే తీరిపోతాయి.

అయినా కదలకపోతే బటన్ తీరు చూడండి. నొక్కితే ఎదురు తోపు లేకుండా మెత్తగా లోపలికి పడిపోతే బటన్ వెనుక ప్లాస్టిక్ కొన విరిగింది. ఏప్రిల్, మే ఎండల్లో అద్దాలు మూసి నిలిపిన బండిలో ఈ ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. మూత విడిగా దొరికితే అదొక్కటి మారిస్తే చాలు. బటన్‌కు ఎదురు తోపు ఉన్నా లోపల ఇసుక కరకరలాడినట్టుంటే పట్టాలో మట్టి చేరింది. పొడి బ్రష్షుతో రాల్చి వాక్యూమ్‌తో లాగేయండి.

తుప్పు వదిలించే స్ప్రేలు మాత్రం అందులో కొట్టొద్దు. గ్యారేజీలో చేతికి మొదట అందేది అదే డబ్బా. ఆ నూనె కిందికి కారి పట్టీకి అంటుతుంది, దుమ్మును పట్టి ఉంచుతుంది. నెలకల్లా పట్టా మునుపటికంటే బిగుసుకుపోతుంది.

మెట్టు దగ్గర ఆగడం లేదు, లాగితే జారుతోంది

ఈ సమస్యను అస్సలు వాయిదా వేయకూడదు. కారణం మూడింట్లో ఒకటి: స్ప్రింగు విరిగింది లేదా ఊడింది, పిన్ను కొన అరిగింది, లేదా మూత తప్పుగా బిగించినందువల్ల బటన్ ఎప్పుడూ సగం నొక్కుకునే ఉంది. మూడోది తేల్చడం తేలిక. మూత ఊడదీసి, జారే ముక్కను చేత్తో దింపి చూడండి. మూత లేకుండా ప్రతి మెట్టులో టక్కుమని నిలబడితే తప్పు ప్లాస్టిక్‌ది. అప్పుడూ జారితే ఉక్కుది, అడ్జస్టర్ మార్చాలి. అది మార్చేదాకా ఆ సీట్లో ఎవరినీ కూర్చోబెట్టొద్దు. అట్టడుగు మెట్టుకు దింపి వదిలేస్తే ఇంకెక్కడికి జారుతుందిలే అనుకుంటారు కొందరు. పట్టా చివర ఉండే అడ్డు ఆ భారం మోయడానికి పెట్టింది కాదు.

ట్రిమ్ విప్పి బిగించాక పనిచేయడం మానేసింది

డ్యాష్‌క్యామ్ వైరు లాగినప్పుడు, చప్పుడు రాకుండా డ్యాంపింగ్ షీట్లు అతికించినప్పుడు, స్పీకర్లు మార్చినప్పుడు పిల్లర్ ట్రిమ్, అంటే పిల్లర్ మీది ప్లాస్టిక్ తొడుగు, విప్పుతారు. మళ్లీ పెట్టేటప్పుడు ట్రిమ్ మీది జారే ప్లాస్టిక్ రేకు లోపలి ఉక్కు ముక్కకు కొక్కెం పడదు. బటన్ ఒకచోట, పిన్ను ఇంకోచోట ఉండిపోతాయి. మార్గం మళ్లీ విప్పడమే, ఈసారి వరుస తప్పకుండా.

పక్క, కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్న బండి అయితే ముందు తాళం ఆఫ్ చేసి, బ్యాటరీ నెగెటివ్ తీసి, సర్వీస్ మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాలి. మాన్యువల్ దొరక్కపోతే పది నిమిషాలు ఆగండి. పిల్లర్ అడుగున బెల్టును చుట్టుకునే రిట్రాక్టర్ దగ్గర పసుపు కనెక్టర్ కనిపిస్తే అది ప్రీటెన్షనర్‌ది, అంటే గుద్దుకున్న క్షణంలో బెల్టును బిగించే పరికరానిది. దానికి మల్టీమీటర్ పెట్టొద్దు. అది ఊడి ఉండగా తాళం ఆన్ చేస్తే డ్యాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి, చాలా బండ్లలో స్కానర్ పెట్టేదాకా ఆరదు.

ఆ తర్వాత తలుపు చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్‌ను పిల్లర్ పొడవునా లాగండి. గుమ్మం ప్లేటు, కింది ట్రిమ్, చివరికి పై ట్రిమ్ ఊడదీయాలి. డి-రింగ్ బోల్టు మీద చిన్న టోపీ ఉంటుంది, దాన్ని ప్లాస్టిక్ పుల్లతో తెరవాలి. బోల్టుకు ఎక్కువగా 17 ఎం.ఎం. సాకెట్ లేదా టి-50 టార్క్స్ బిట్ పడుతుంది. బోల్టు తీసేముందు వాషర్ల వరుసను ఫోనులో ఫొటో తీయండి. వంపు వాషరు, బుష్షు, స్పేసరు ఏది ముందో ఏది వెనకో తర్వాత గుర్తుండదు. కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కొన్ని బండ్లలో పై ట్రిమ్‌ను పట్టి ఉంచే పట్టీ క్లిప్పు ఒక్కసారికే పనికొస్తుంది. అలాంటిది తీస్తే కొత్తదే వేయాలి. పాతది పెడితే బ్యాగ్ విచ్చుకునేటప్పుడు ట్రిమ్ ఎగిరిపడొచ్చు.

బిగించేటప్పుడు లోపలి ఉక్కు ముక్కనూ ట్రిమ్ మీది రేకునూ రెంటినీ పై మెట్టుకే తెచ్చి పెట్టుకోండి. కొక్కెం పడిందో లేదో ట్రిమ్ క్లిప్పులు నొక్కకముందే బటన్ నొక్కి చూడండి. డ్యాంపింగ్ షీటు పట్టా మీదకు వచ్చి ఉంటే ఆ భాగం కోసేయండి.

బోల్టు మాట ప్రత్యేకంగా చెప్పాలి. చాలా కార్లలో సీట్‌బెల్టు బోల్టు మరలు 7/16 అంగుళం, అంగుళానికి 20 చొప్పున ఉంటాయి. అంటే 11.1 ఎం.ఎం. మందం. ఇది పోతే హార్డ్‌వేర్ షాపులో అందుకు దగ్గర సైజు మెట్రిక్ బోల్టు ఇస్తారు. 10 ఎం.ఎం.ది వదులుగా పట్టినట్టే పట్టి మోసం చేస్తుంది, 12 ఎం.ఎం.ది మర తినేస్తుంది. కంపెనీ పార్టే తెప్పించాలి. మొదటి మూడు చుట్లు చేతి వేళ్లతోనే తిప్పండి. వేళ్లతో తిరగకపోతే మర అడ్డంగా పడినట్టే. తర్వాత బిగింపు బలం చూపే టార్క్ రెంచ్‌తో బిగించాలి. చాలా బండ్లకు ఇది 35 నుంచి 50 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ మోడల్ అంకె మాన్యువల్లో చూడండి. బిగించాక డి-రింగ్ వేలితో తోస్తే అటూ ఇటూ తిరగాలి. బిగుసుకుపోతే వాషర్ల వరుస తప్పింది, మళ్లీ విప్పాలి.

ఇంకో చిక్కు: ట్రిమ్ విప్పినప్పుడు రిట్రాక్టర్‌ను పక్కకు పడుకోబెడితే బెల్టు బిగుసుకుని బయటికి రాదు. పాడైపోలేదు. లోపలి తాళం వంపును పసిగడుతుంది. ఐక్యరాజ్యసమితి 16వ నంబరు నిబంధన ప్రకారం ఆ తాళం 12 డిగ్రీల వంపు దాకా పడకూడదు, 27 డిగ్రీలు దాటితే పడాలి. నిలువుగా దాని చోటులో కూర్చోబెట్టి, బెల్టును కాస్త లోపలికి వదిలి మళ్లీ లాగితే వస్తుంది. బిగించాక కూడా రాకపోతే రిట్రాక్టర్ ఒంకరగా కూర్చుంది.

బెల్టు నెమ్మదిగా చుట్టుకుంటోంది

రిట్రాక్టర్ స్ప్రింగు పోయిందనుకుని కొత్త బెల్టు కొనేవారున్నారు. ముందు డి-రింగ్ లోపలి అంచును తెల్ల గుడ్డతో తుడిచి చూడండి. నల్లటి జిడ్డు వస్తుంది. చెమట, తలనూనె, దుమ్ము కలిసి అక్కడ పేరుకుంటాయి. పట్టీ వాటికి అతుక్కుని సాగుతుంది. టాక్సీల్లో, ఏసీ లేకుండా అద్దాలు దించి నడిపే బండ్లలో ఇది ఇంకా ఎక్కువ.

బెల్టును చివరిదాకా లాగి, డి-రింగ్ దగ్గర బట్టల క్లిప్పు పెట్టి ఆపండి. ఒకటి చాలదు, రెండు పెట్టండి. జారితే తడి పట్టీ లోపలికి పోయి బూజు పడుతుంది. గోరువెచ్చటి నీళ్లలో కొద్దిగా సబ్బు కలిపి, మెత్తటి బ్రష్షుతో పట్టీని పొడవునా ఒకే దిశలో రుద్దండి. బ్లీచింగ్, పెట్రోలు, తినర్, రంగు వేయడం ఏవీ వద్దు, నేత బలం తగ్గుతుంది. డి-రింగ్ అంచును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో, పట్టీకి తగలకుండా తుడవండి. నీడలో పూర్తిగా ఆరాకే క్లిప్పులు తీయాలి. తొందరపడి హెయిర్ డ్రయ్యర్ వాడొద్దు. అంత చేశాక కూడా నెమ్మదిగానే వస్తుంటే అప్పుడు రిట్రాక్టర్‌ను అనుమానించండి. రిట్రాక్టర్ మూత విప్పి స్ప్రింగు బిగించే ప్రయత్నం మాత్రం వద్దు, అది ఎగిరి చేతులు కోస్తుంది.

కడిగేటప్పుడే పట్టీ అంచులు చూడండి. అంచు తెగినా, పోగులు లేచినా, ఒకచోట మెరుస్తూ గట్టిపడినా బెల్టు మార్చాలి.

డి-రింగ్ దగ్గర మెలిక పడింది

పట్టీ తిరగబడి డి-రింగ్‌లో మడతపడితే డి-రింగ్‌ను విప్పనక్కర్లేదు. రింగుకు జానెడు కింద పట్టీని అడ్డంగా, ఏటవాలుగా మడిచి, ఆ మడతను రింగులోంచి నెమ్మదిగా పైకి జార్చండి. అవతలికి రాగానే విచ్చుకుంటుంది. మడత ఉండగా బలంగా లాగితే పట్టీ అంచు నలుగుతుంది.

గతుకుల్లో టకటక చప్పుడు

డి-రింగ్‌ను చేత్తో పట్టుకుంటే చప్పుడు ఆగిందా? అయితే బోల్టు వదులైంది లేదా వాషరు లేదు. ట్రిమ్‌ను నొక్కితే ఆగిందా? అయితే క్లిప్పు విరిగింది, కొత్తది వేయండి. ట్రిమ్ వెనుక ఫెల్టు టేపు వేయొచ్చు, అడ్జస్టర్ పట్టా మీద, పిన్ను దారిలో మాత్రం ఏదీ అతికించొద్దు.

మునిగిన బండి, గుద్దుకున్న బండి

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలా మునిగిన బండి సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు బెల్టును చివరిదాకా లాగి చూడండి. బయటికి కనిపించే భాగం శుభ్రంగా, లోపల చుట్టుకునే భాగం మట్టి రంగులో ఉంటే నీళ్లు ఎంతవరకు వచ్చాయో తెలుస్తుంది. రిట్రాక్టర్ పిల్లర్ అడుగునే ఉంటుంది గనుక మొదట మునిగేది అదే. నీళ్లు డి-రింగ్ దాకా వస్తే అడ్జస్టర్ స్ప్రింగుకూ తుప్పు పడుతుంది. ఈ రెండూ కడిగి వాడేవి కావు.

బెల్టు పెట్టుకుని ఉండగా బండి గట్టిగా గుద్దుకుంటే, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోకపోయినా బెల్టు, రిట్రాక్టర్, డి-రింగ్, అడ్జస్టర్ అన్నీ మార్చాలి. డి-రింగ్ ప్లాస్టిక్ పూత కరిగి గీతలు పడి ఉంటే అది భారం మోసిన గుర్తు. కొత్తది తెప్పించేటప్పుడు ఛాసిస్ నంబరు ఇచ్చి, ఎడమా కుడా స్పష్టంగా చెప్పండి. చూడ్డానికి ఒకేలా ఉన్నా చాలా మోడళ్లలో రెండూ వేర్వేరు. పాత సామాన్ల కొట్లో దొరికే అడ్జస్టర్ ఏ బండి ఢీకొని వచ్చిందో ఎవరూ చెప్పలేరు గనుక చవకైనా కొనొద్దు.