డెల్టాలో మట్టి తవ్వకానికి అనుమతి ఎలా తీసుకోవాలి?

"పొలం నాది, మట్టి నాది, మధ్యలో వీళ్లెవరు?" ఇటుక బట్టీకి మట్టి తీయించేవాళ్లు, చెరువు తవ్వించి ఆ మట్టి అమ్ముదామనుకునేవాళ్లు కోనసీమలో తరచూ అనే మాట ఇది. పొలం మీదే, కాదనడం లేదు. కానీ మట్టిని ట్రాక్టరుకెత్తి బయటికి తోలితే చట్టం దాన్ని చిన్నతరహా ఖనిజంగా చూస్తుంది. ఇసుక, గ్రావెల్, ఇటుక మట్టి చాలాకాలంగా ఆ జాబితాలోనే ఉన్నాయి. మెరక చేయడానికి, రోడ్డు కట్టలు వేయడానికి వాడే మామూలు మట్టిని కేంద్రం 2000 ఫిబ్రవరిలో అందులో కలిపింది. వీటి మీద నిబంధనలు పెట్టే అధికారం 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం రాష్ట్రానికి ఇచ్చింది. మన దగ్గర 1966 నాటి చిన్నతరహా ఖనిజాల నియమాలే, సవరణలతో, ఇప్పటికీ నడుస్తున్నాయి.

ఇక్కడ చెప్పేది మట్టి, గ్రావెల్ గురించి. గోదావరి ఇసుక ర్యాంపుల దారి వేరు, అవి ప్రభుత్వ ఇసుక విధానం కింద నడుస్తాయి.

ముందు సర్వే నంబరు తేల్చుకోండి

చాలామంది నేరుగా గనుల శాఖ ఆఫీసుకు వెళ్తారు. డెల్టాలో అది తిరకాసు దారి. భూమి ఏ రకమో తేలితే గానీ ఎవరిని అడగాలో తెలియదు. అడంగల్, 1బి, ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) నకళ్లు తీసుకుని, రిజిస్ట్రేషన్ శాఖ 22ఏ (నిషేధిత భూముల) జాబితాలో మీ నంబరు ఉందేమో చూసుకోండి. ఎఫ్‌ఎంబీని సర్వేయర్ పక్కన కూర్చుని చదవండి. పొలంలో కనపడని బోదె (చిన్న కాలువ) కాగితం మీద ఉంటుంది. ఎప్పుడో ఎవరో దున్ని చేలో కలిపేసుకుని ఉంటారు, గీత మాత్రం అలాగే ఉండిపోతుంది. ఆ గీత మీద పొక్లెయిన్ దిగితే మీరు తవ్వింది పోరంబోకు అవుతుంది.

జిరాయితీ (సొంత పట్టా) భూమైతే పని తేలిక. డీ పట్టా (ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి) అయితే ఆగండి: అసైన్డ్ భూముల బదిలీ మీద 1977 చట్టం ఆంక్షలున్నాయి, కాబట్టి పట్టాదారుతో రాసుకున్న తెల్లకాగితం ఒప్పందాన్ని నమ్ముకుని డబ్బు పెట్టకండి. ఏటిగట్టుకు లోపల, లంకల్లో ఉన్న భూమైతే పట్టా ఉన్నా సరిపోదు. అక్కడ 1884 నాటి నదీ సంరక్షణ చట్టం ఉంది, జలవనరుల శాఖ మాట వినాలి. ఊరి చెరువు, కాలువ గట్టు, మురుగు డ్రెయిన్ పక్కన ఉన్న పోరంబోకు సొంత అవసరానికి కూడా ముట్టుకునేది కాదు. అంతర్వేది, కాట్రేనికోన వైపు తీర గ్రామాలైతే 2019 సీఆర్‌జడ్ (తీర ప్రాంత నియంత్రణ) నోటిఫికేషన్ పటంలో మీ నంబరు ఎక్కడ పడిందో ముందే చూడాలి. తీరంలో ఇసుక తవ్వకాన్ని ఆ నోటిఫికేషన్ చాలావరకు నిషేధించింది.

పంచాయతీ దగ్గర

పంచాయతీ తీర్మానం చేతికొస్తే అనుమతి వచ్చినట్టేనని ఒక భ్రమ. కాదు. లీజు ఇచ్చేది గనుల శాఖ. అయినా ఈ మెట్టు దాటవేయొద్దు, ఎందుకంటే డెల్టాలో గొడవ గొయ్యి దగ్గర రాదు, రోడ్డు దగ్గర వస్తుంది. గట్టు రోడ్డు సన్నగా ఉంటుంది, కల్వర్టు ఎడ్లబళ్ల కాలంలో కట్టింది, మీది మట్టి నింపిన టిప్పరు. అందుకే తీర్మానంలో "అభ్యంతరం లేదు" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టకుండా సర్వే నంబరు, విస్తీర్ణం, లోతు, బండ్లు వెళ్లే దారి, తోలే వేళలు, రోడ్డు పాడైతే ఎవరు బాగు చేయించాలో రాయించండి. బడి వేళల్లో తోలబోమని మీరే ముందు చెబితే సగం అభ్యంతరాలు అక్కడే చల్లారతాయి. సీనరేజిలో (ఖనిజం తీసినందుకు ప్రభుత్వానికి కట్టే రుసుములో) స్థానిక సంస్థలకు వాటా ఉంటుందన్న సంగతి కూడా సభలో చెప్పొచ్చు.

గ్రావెల్ కోసం డెల్టా దాటి ఏజెన్సీ వైపు వెళ్లేవాళ్లకు మాత్రం లెక్క మారుతుంది. రంపచోడవరం లాంటి షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1996 పెసా చట్టం ప్రకారం చిన్నతరహా ఖనిజాల లీజుకు గ్రామసభ లేదా పంచాయతీ సిఫార్సు తప్పనిసరి.

తహసీల్దార్, గనుల శాఖ

తహసీల్దార్ దగ్గర నిరభ్యంతర పత్రానికి దరఖాస్తు పెడితే వీఆర్వో, మండల సర్వేయర్ వచ్చి చూస్తారు. ఆ రోజు మీరు పొలంలో ఉండండి, పక్క రైతులనూ పిలవండి. కాలువ, ఏటిగట్టు దగ్గరైతే జలవనరుల శాఖ ఏఈ కూడా వచ్చేలా చూసుకుంటే తర్వాత తిరుగుడు తప్పుతుంది.

ఈ కాగితాలతో జిల్లా గనుల శాఖకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి కాబట్టి మీ మండలం అమలాపురం కిందికి వస్తుందా, రాజమహేంద్రవరం కిందికా, కాకినాడ కిందికా, భీమవరం కిందికా సరిచూసుకోండి. పాత నకళ్లలో పాత జిల్లా పేరు ఉంటుంది. కొద్దిపాటి మట్టి కొద్దికాలం తీయడానికి తాత్కాలిక పర్మిట్, ఏళ్ల తరబడి తీయడానికి లీజు. లీజుకు గుర్తింపు పొందిన నిపుణుడు తయారుచేసిన మైనింగ్ ప్లాన్ కావాలి.

పర్యావరణ అనుమతి

అందరూ ఆగిపోయేది ఇక్కడే. 5 హెక్టార్ల లోపు లీజుకైనా పర్యావరణ అనుమతి (ఈసీ) కావాలని సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరిలో దీపక్ కుమార్ కేసులో తేల్చింది. రాష్ట్రంలో దీన్ని ఇచ్చేది సియా, అంటే రాష్ట్ర పర్యావరణ ప్రభావ అంచనా సంస్థ. మీ గొయ్యి ఒక్కటే చిన్నదైతే చాలదు: 500 మీటర్లలోపు అదే ఖనిజానికి ఇంకో లీజు ఉంటే రెండూ కలిపి క్లస్టరుగా లెక్కిస్తారు, మొత్తం 5 హెక్టార్లు దాటితే ప్రజాభిప్రాయ సేకరణ దాకా వెళ్తుంది. ఇది వచ్చాక కాలుష్య నియంత్రణ మండలి నుంచి స్థాపనకు ఒకటి, నడపడానికి ఒకటి సమ్మతి పత్రాలు తీసుకోవాలి.

మినహాయింపులూ ఉన్నాయి. కుమ్మరులు చేత్తో తీసుకునే మట్టి, ఊరి పనికి ఆనవాయితీగా తీసుకునే మట్టి, వరద తర్వాత పొలంలో మేట వేసిన ఇసుకను రైతు తొలగించుకోవడం వీటిలో ఉన్నాయి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద చూసిన లంక రైతులకు ఈ చివరిది ఎంత అవసరమో చెప్పక్కర్లేదు. అయితే ఈ మినహాయింపు పర్యావరణ అనుమతి వరకే, అమ్ముకోవడానికి కాదు. "రోడ్డు పనికి కదా, ఈసీ అక్కర్లేదు" అని కాంట్రాక్టరు అంటే ఉత్తర్వు తేదీ చూపించమనండి. అలాంటి పనులకు 2020లో ఇచ్చిన గంపగుత్త మినహాయింపును సుప్రీంకోర్టు 2024 మార్చి 21న కొట్టేసింది.

తవ్వడం, తోలడం

లీజు పత్రం రాసుకుని, హద్దు రాళ్లు పాతించి, సీనరేజి, జిల్లా ఖనిజ నిధి మొత్తాలు కట్టాకే మిషను దించండి. ప్రతి బండికీ ట్రాన్సిట్ ఫారం ఉండాలి. అందులో బండి నంబరు, ఖనిజం, పరిమాణం, బయల్దేరిన వేళ ఉంటాయి. డ్రైవరు టీ తాగుతూ కూర్చుని గడువు దాటిస్తే, డబ్బు కట్టిన మట్టి కూడా దొంగమట్టి కింద పట్టుబడుతుంది. అనుమతి లేని తవ్వకానికి 1957 కేంద్ర చట్టం 21వ సెక్షన్ కింద 5 ఏళ్ల దాకా జైలు, హెక్టారుకు 5 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. బండినీ జప్తు చేస్తారు.

మెత్తటి మట్టిలో గట్టు నిటారుగా కోయకూడదు. వాలు 45 డిగ్రీలకు మించకుండా ఉంచాలి, లేదా మెట్లుగా కోయాలి: మెట్టు ఎత్తు 1.5 మీటర్లకు మించకూడదు, వెడల్పు ఎత్తుకు తగ్గకూడదు. లోతు 6 మీటర్లు దాటకుండా, రోజుకు 50 మందిలోపు కూలీలతో, పేలుడు పదార్థాలు లేకుండా చేసే పనికి 1952 గనుల చట్టంలో చాలా భాగం వర్తించేది కాదు; 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది. 18 ఏళ్ల లోపు పిల్లల్ని మాత్రం అలాంటి పనిలోనూ పెట్టుకోకూడదు. దిగువ డెల్టాలో లోతు విషయంలో ఆశపడొద్దనే నా సలహా. మంచినీటి పొర పలచన, కింద ఉప్పునీరు.

తవ్విన గోతిని చేపల చెరువు చేసుకుందామని ఆలోచన ఉంటే ఆ సంగతి మైనింగ్ ప్లాన్‌లోనే రాయించండి. చెరువుకు అనుమతి వేరే, 2020 ఆక్వా అభివృద్ధి సంస్థ చట్టం కింద విడిగా దరఖాస్తు పెట్టాలి.