ఎరుపు వెలిసిపోకముందే: ఆగస్టు చివర సముద్రపు ఒడ్డున వలస పిట్టలను చూడడం ఎలా?

వలస పక్షులనగానే మనకు సంక్రాంతి రోజులే గుర్తొస్తాయి. కొల్లేరు, పులికాట్, నేలపట్టు అన్నీ చలికాలపు ప్రయాణాలే. తీరపు బురదలో, తడి ఇసుకలో మేత వెతుక్కునే ఒడ్డు పిట్టలకు మాత్రం ఆ లెక్క సరిపోదు. వీటిలో చాలా జాతులు ఎక్కడో సైబీరియా ఉత్తరపు కొసన, చెట్టు మొలవని టండ్రా నేలల్లో జూన్‌లో గుడ్లు పెడతాయి. జులై నుంచే దక్షిణానికి బయలుదేరతాయి. ఆగస్టు చివరికల్లా, మనకింకా వానలు తగ్గకముందే, కాకినాడ తీరంలో కనిపిస్తాయి.

నా మాట వింటే వీటిని చూడాల్సింది అప్పుడే. డిసెంబరులో వెళ్తే అన్నీ బూడిదరంగు పిట్టలే, కొత్తవాళ్లకు ఒకదానికీ ఇంకోదానికీ తేడా తెలియదు. ముందుగా వచ్చే పెద్ద పక్షుల ఒంటి మీద ఆగస్టులో గూళ్ల కాలపు రంగు ఇంకా మిగిలుంటుంది. కర్ల్యూ శాండ్‌పైపర్ పొట్ట ఇటుక ఎరుపు. శాండ్ ప్లోవర్ రొమ్ము మీద నారింజ పట్టీ. సెప్టెంబరు గడిచేకొద్దీ ఆ ఈకలు రాలిపోయి బూడిదరంగు కమ్ముకుంటుంది. ఆ ఏడాది పుట్టిన పిల్లలు పెద్దల వెనకాల వస్తాయి. చాలా జాతుల్లో వాటికి దారి చూపేవాళ్లెవరూ ఉండరు. పాతిక గ్రాముల పిట్ట, పుట్టి మూడు నెలలైనా కాకుండా, ఒకసారీ చూడని తీరానికి తనంతట తానే చేరుతుంది. ఈ సంగతి తెలిశాక వాటిని మామూలు కళ్లతో చూడడం నా వల్ల కాలేదు.

ముందు పోటు, పాటు చూసుకోండి

గడియారం చూసి బయలుదేరితే ఖాళీ చేతులతో రావాల్సి ఉంటుంది. పాటు సమయంలో నీరు తీసిపోయి బురద మేటలు బయటపడతాయి, పిట్టలు మేత కోసం కిలోమీటరు దూరానికి చెదిరిపోతాయి. పోటు ఎక్కేకొద్దీ నీరే వాటిని ఒడ్డువైపు తోసుకొస్తుంది. కాబట్టి పోటు పూర్తిగా ఎక్కడానికి రెండు మూడు గంటల ముందే అక్కడ ఉండాలి. రోజుకు రెండు పోట్లు వస్తాయి, ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతాయి. ఇవాళ సాయంత్రం నాలుగున్నరకు పోటైతే రేపు అయిదూ ఇరవై ప్రాంతంలో. అమావాస్యకు, పున్నమికి నీరు ఎక్కువగా ఎక్కుతుంది, ఎక్కువగా తీస్తుంది. సమయాల పట్టికలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. సముద్రంలో అలలెలా ఉంటాయో హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ చెబుతుంది, వాయుగుండాల కాలం కాబట్టి అదీ చూసుకునే కదలండి. రేవులో వేటకెళ్లేవాళ్లను అడిగితే ఇంకా మంచిది.

ఎండ మీ వీపున ఉండాలి

మనది తూర్పు తీరం. పొద్దున సూర్యుడు సముద్రం మీదే లేస్తాడు. మొదటి ఏడాది నేను తెల్లవారకముందే లేచి వెళ్లేవాణ్ణి. పిట్టలన్నీ నల్లని బొమ్మల్లా కనిపించేవి, ఒక్క రంగూ తెలిసేది కాదు. మధ్యాహ్నం మూడు దాటాక ఎండ పడమటికి తిరుగుతుంది, అప్పుడు ఇటుక ఎరుపు ఎరుపులాగే కనిపిస్తుంది. సాయంత్రం పోటున్న రోజు ఎంచుకుంటే రెండూ కలిసొస్తాయి.

ఎక్కడికి

నేను వెళ్లేది కాకినాడలో కుంభాభిషేకం అనే చోటి దగ్గరి బురద మేటలకు. భీమిలిలో గోస్తనీ నది మొగ, మచిలీపట్నం దగ్గర మంగినపూడి కూడా ప్రయత్నించదగ్గవే. ఏరు సముద్రంలో కలిసేచోట బురద, అందులో పురుగులు, నత్తలు, చిన్న పీతలు ఉంటాయి. పిట్టలకు కావాల్సింది అదే. జనం స్నానాలు చేసే బీచిలో వెతక్కండి. బురదలోకి మాత్రం దిగొద్దు, మోకాలి దాకా దిగబడుతుంది.

ఏం తీసుకెళ్లాలి

8×42 బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు), చిన్న నోటుపుస్తకం, పెన్సిల్, నీళ్లు. మట్టిరంగు బట్టలు వేసుకోండి. కెమెరా మొదటిరోజు ఇంట్లో వదిలేస్తే ఎక్కువ చూస్తారు.

కూర్చోండి, రానివ్వండి

నడుచుకుంటూ దగ్గరికి వెళ్తే అవి లేచిపోతాయి. పోటు రాకముందే ఒడ్డున ఒకచోట కూర్చోండి, ఇరవై నిమిషాలు కదలకండి. నీరు వాటిని మీ దగ్గరికి తెస్తుంది. మేత ఆపి తలలెత్తి మీవైపు చూస్తున్నాయంటే హద్దు దాటారని అర్థం. అక్కడే ఆగిపోండి, వీలైతే వెనక్కి జరగండి.

ఇది మర్యాద కోసం చెప్పడం లేదు. వేల కిలోమీటర్లు ఎగిరి, ఒంట్లో కొవ్వంతా ఖర్చు చేసుకుని వచ్చిన ప్రాణాలవి. గుంపు ఒక్కసారి లేచిందంటే తిన్నది కొంత పోయినట్టే. కర్ల్యూ శాండ్‌పైపర్‌ను అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2024లో ముప్పున్న జాతుల్లో చేర్చింది. కాకినాడ తీరానికి వచ్చే గ్రేట్ నాట్ అంతకంటే ప్రమాదంలో ఉంది. చైనా, కొరియాల మధ్య పసుపు సముద్రపు బురద మేటలను పూడ్చేయడంతో దానికి దారిలో మజిలీలు కరువయ్యాయి. కుక్కను వెంట తీసుకెళ్లకండి. గుంపు మీదికి పరుగెత్తే పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకుని బైనాక్యులర్ చేతికివ్వండి. ఆ తర్వాత వాళ్లే మిగతా పిల్లలను ఆపుతారు.

పేరుకు ముందు నడక

పుస్తకంలో బొమ్మలతో పోల్చే తొందర వద్దు. ఎలా తింటోందో చూడండి.

నాలుగడుగులు పరుగెత్తి టక్కున ఆగి, ఒక్కసారి ముక్కుతో పొడిచి, మళ్లీ పరుగెత్తేది ప్లోవర్. ముక్కు పొట్టి, కళ్లు పెద్దవి. అది కంటితో వేటాడుతుంది. తల వంచి కుట్టుమిషన్ సూదిలా ఆపకుండా పొడుస్తూ పోయేది శాండ్‌పైపర్ జాతి. చాలావాటికి ముక్కు కొసన ఒత్తిడిని పసిగట్టే నరాలుంటాయి, తడి ఇసుకలో దాగిన పురుగు కంటికి కనపడక్కర్లేదు. వెనక్కి వెళ్లే అల వెంట పరుగెత్తి, వచ్చే అల ముందు తిరిగి పరుగెత్తేది శాండర్లింగ్. రాళ్లనీ, గవ్వలనీ ముక్కుతో తిరగేసేది టర్న్‌స్టోన్. తోక ఊపుతూ ఒంటరిగా తిరిగేది కామన్ శాండ్‌పైపర్. కొడవలిలా కిందికి వంగిన చాలా పొడుగాటి ముక్కుంటే కర్ల్యూ. దాని ముక్కు మొదలు మూసుకునే ఉన్నా కొస మాత్రం విచ్చుకుంటుంది, లోతున దొరికిన పురుగును అలా పట్టేస్తుంది.

మొదటిరోజు మూడు రకాలు గుర్తుపడితే చాలు.

రాసుకోండి

తేదీ, పోటు సమయం, ఎన్ని పిట్టలు. పెద్ద గుంపైతే ముందు పది లెక్కపెట్టి, ఆ పది ఎంత చోటు పట్టిందో చూసుకుని, అలాంటివి ఎన్నున్నాయో అంచనా వేయండి. ఎన్నింటికి ఎరుపు మిగిలిందో కూడా రాస్తే వారం వారం అది తగ్గడం మీకే తెలుస్తుంది. చూసిన పక్షుల లెక్కలు ఎవరైనా రాయగల ఈబర్డ్ వెబ్‌సైట్‌లో నమోదు చేస్తే ఆ లెక్క పరిశోధకులకూ పనికొస్తుంది.

ఎప్పుడైనా కాలికి రంగు పట్టీ ఉన్న పిట్ట కనిపిస్తే మిగతావన్నీ వదిలేసి దాన్నే చూడండి. ఏ కాలు, మోకాలిలా మడతపడే చోటికి పైనా కిందా, ఏ రంగు, దాని మీద అక్షరాలేమైనా ఉన్నాయా? రంగుల వరుసను బట్టి ఆ పట్టీ ఏ దేశంలో వేశారో తెలుస్తుంది. వివరాలు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి. అక్షరాలు కూడా చదవగలిగితే మీరు చూసిన ఆ ఒక్క పిట్టను ఎక్కడ, ఎప్పుడు పట్టి వదిలారో తెలుసుకునే వీలుంటుంది.