స్కిప్పింగ్ చేస్తుంటే చుక్కలు పడుతున్నాయా?

నల్లగొండ మేకల అభినవ్ స్టేడియంలో పొద్దున ఆరింటికి మేం ఎనిమిది మంది ఆడవాళ్లం కలుస్తాం. స్కిప్పింగ్ ఇరవై దాటితే నాకు ఒంటేలు చుక్కలు చుక్కలుగా పడేది. అందుకే నల్ల ప్యాంటు వేసుకుని, లేచింది మొదలు గుక్కెడు నీళ్లు కూడా తాగకుండా వెళ్లేదాన్ని. నాకు 38 ఏళ్లు, రెండు కాన్పులు. అమ్మకు చెప్తే "పిల్లల్ని కన్నోళ్లకు ఉండేదే బిడ్డా" అంది. కానీ కానిస్టేబుల్ పరుగుకు ప్రాక్టీస్ చేసే పెళ్లికాని పిల్ల కూడా ఒకరోజు నా చెవిలో "నాకూ అవుతది అక్కా" అంది. అప్పుడే ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లాను.

పొత్తికడుపు కింద ముందున్న ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా, మంచానికి నులక అల్లినట్టు కొన్ని కండరాలు ఉంటాయి. మూత్రసంచిని, గర్భసంచిని కింద నుంచి ఆపేవి అవే. ఎగిరి దిగినప్పుడల్లా, బరువెత్తినప్పుడల్లా కడుపులో ఒత్తిడి వాటి మీద పడుతుంది.

ఆ ఒత్తిడికి అవి ఆపలేకపోతే చుక్కలు పడతాయి. వాటికి బలం రావడానికి ఈ ఎక్సర్‌సైజు: వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. గ్యాస్‌నూ మూత్రాన్నీ ఒకేసారి ఆపుకుంటున్నట్టు లోపలికి, పైకి లాగండి. పిరుదులు, తొడలు బిగుసుకోకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. మూడు సెకన్లు పట్టి, తర్వాత మళ్లీ అంతే సేపు పూర్తిగా వదలండి. అలా ఎనిమిది సార్లు, రోజుకు మూడు పూటలు, కనీసం మూడు నెలలు. పట్టు దొరికాక పది సెకన్ల దాకా పెంచుకోవచ్చు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని మాత్రం ఎక్సర్‌సైజుగా చేయొద్దు.

ఇక్కడే నేను పెద్ద తప్పు చేశాను. ఎంత బిగిస్తే అంత మంచిదనుకుని పొయ్యి దగ్గర, బస్సులో, టీవీ ముందు రోజంతా బిగించే ఉన్నాను. నెల తిరిగేసరికి పొత్తికడుపులో నొప్పి మొదలైంది, చుక్కలు ఆగలేదు. "మీరు పట్టడం నేర్చుకున్నారు, వదలడం లేదు" అని ఫిజియో చెప్పింది. వదలని కండరానికి అవసరమైనప్పుడు బిగిసే బలం ఉండదట. ఆ తర్వాత రెండు వారాలు నాతో ఊపిరి ఎక్సర్‌సైజులు మాత్రమే చేయించింది. గాలి పీలుస్తుంటే పొట్ట ఉబ్బాలి, కింద మెత్తగా సడలాలి. మూత్రం మొదలవడానికి టైం పట్టేవాళ్లు, కలయికలో నొప్పి ఉన్నవాళ్లు ముందు బిగించే ఎక్సర్‌సైజులు మొదలుపెట్టకండి, చూపించుకోండి.

వ్యాయామం మానక్కర్లేదు. నేను ఆరు వారాలు తాడు పక్కన పెట్టి స్టేడియం మెట్లెక్కాను, తక్కువ బరువుతో స్క్వాట్స్ చేశాను. లేచేటప్పుడు ఊపిరి వదలాలి. తుమ్ము, దగ్గు వచ్చే ముందు ఒక్క క్షణం కింద బిగించాలి. చుక్కలకు వెంటనే తేడా తెలిసింది దీంతోనే. తర్వాత పది గెంతులు, ఆగడం, మళ్లీ పది. ట్రైనర్ ఎందుకని అడిగితే "డాక్టర్ వద్దన్నది" అంటే చాలు, వివరం చెప్పాల్సిన పని లేదు. కాన్పయిన వాళ్లు కనీసం 12 వారాలు పరుగు, గెంతులు జోలికి పోవద్దు.

నీళ్లు తగ్గించకండి, మూత్రం చిక్కబడితే మూత్రసంచికి ఇంకా చికాకు. మలబద్ధకం ఉంటే ముందు దాని సంగతి చూడండి, రోజూ ముక్కడం ఈ కండరాలకు గెంతులంత చేటు.

కింద బరువుగా, ఏదో జారి బయటికొస్తున్నట్టు ఉన్నా, మూత్రంలో మంట, రక్తం ఉన్నా, మలం ఆగకపోయినా ఈ ఎక్సర్‌సైజులతో కాలం గడపకుండా గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లండి. "వయసు కదా, మామూలే" అని పంపిస్తే ఇంకొకరికి చూపించుకోండి. నన్ను మొదట అలాగే పంపించారు.

నాలుగో నెలలో అరవై గెంతులు పొడిగా పూర్తి చేశాను. జలుబు, దగ్గు ఉన్న రోజుల్లో ఇప్పటికీ తాడు పట్టను, ట్రాక్ మీద నడుస్తాను.