కళాశాల గ్రంథాలయం ద్వారా పరిశోధన వ్యాసాల పూర్తి పాఠం పొందడం ఎలా?

నల్లగొండ భూగర్భ జలాల్లోని ఫ్లోరైడ్‌పై ప్రాజెక్టు రాసే విద్యార్థికి గూగుల్ స్కాలర్‌లో వ్యాసాలు చాలానే కనిపిస్తాయి. వాటిలో అనేకం తెరిస్తే సారాంశం, దాని కింద డాలర్లలో ధర తప్ప మరేమీ ఉండదు. ఆ ధర చెల్లించే ముందు, లేదా సారాంశంతోనే సరిపెట్టుకునే ముందు, ఈ క్రమంలో ప్రయత్నించండి.

ముందుగా వ్యాసం పేరు, రచయితలు, జర్నల్, సంవత్సరం, సంపుటి, పుటల సంఖ్యలతో పాటు 10తో మొదలయ్యే డీఓఐ (ప్రతి వ్యాసానికీ విడిగా ఉండే గుర్తింపు) సంఖ్యను రాసిపెట్టుకోండి. ఒకే పేరుతో రెండు మూడు వ్యాసాలున్నా ఈ సంఖ్య సరైనదాన్నే చూపిస్తుంది.

వెతికేటప్పుడు ఊరి పేర్ల విషయంలో జాగ్రత్త అవసరం. మహబూబ్‌నగర్‌ను ఇంగ్లిషులో కొందరు 'హెచ్' తర్వాత 'ఏ' చేర్చి, కొందరు చేర్చకుండా రాస్తారు కాబట్టి రెండు విధాలా వెతకాలి. చౌటుప్పల్ ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నా, 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు వచ్చిన వ్యాసాలు దానిని నల్లగొండ జిల్లాలోనే చూపుతాయి.

తర్వాత ఉచిత ప్రతి ఉందేమో చూడండి. స్కాలర్ ఫలితానికి కుడివైపు పీడీఎఫ్ లింకు కనిపించవచ్చు. లేకపోతే ఫలితం కిందనున్న 'అన్ని వెర్షన్లు' నొక్కండి. బ్రౌజర్‌లో అన్‌పేవాల్ అనే ఎక్స్‌టెన్షన్ చేర్చుకుంటే చట్టబద్ధమైన ఉచిత ప్రతులను అదే చూపిస్తుంది.

అక్కడా దొరకకపోతే గ్రంథాలయానికి వెళ్లండి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ కళాశాలలకు ఈ-జర్నళ్లు, ఈ-పుస్తకాలు అందించేందుకు నడిపే ఎన్-లిస్ట్‌లో మీ కళాశాల సభ్యత్వం తీసుకుని ఉంటే, లైబ్రేరియన్ గారిని అడిగి మీ పేరున లాగిన్ పొందవచ్చు. 2025 జనవరి 1న మొదలైన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఉన్నత విద్యాసంస్థలకు 30 ప్రచురణ సంస్థల జర్నళ్లను అందుబాటులోకి తెచ్చింది. విద్యార్థులలో చాలామందికి ఈ సంగతే తెలియకపోవడం బాధాకరం. అందుకే మీ కళాశాల ఇందులో ఉందో లేదో తప్పక అడగండి. లాగిన్ అయినా పాఠం తెరుచుకోకపోతే, ఆ జర్నల్‌కు ఏ సంవత్సరం నుంచి అనుమతి ఉందో చూడండి. పాత సంచికలు చందా పరిధిలోకి రాకపోవచ్చు. వ్యాసాలను మాత్రం మూకుమ్మడిగా డౌన్‌లోడ్ చేయకండి, ఎందుకంటే ప్రచురణకర్తలు దానిని గమనిస్తే మొత్తం కళాశాలకే ప్రవేశం ఆపివేసే ప్రమాదం ఉంది.

శోధగంగ వెబ్‌సైట్‌లో భారతీయ విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ గ్రంథాలు ఉచితంగా లభిస్తాయి. వ్యాస రచయిత సిద్ధాంత గ్రంథం అందులో ఉంటే, వ్యాసంలో చోటు చాలక వదిలేసిన బావులవారీ పట్టికలు కూడా దొరకవచ్చు కనుక, స్థానిక విషయాలకు నేను దీనిని ఎంతో విలువైనదిగా భావిస్తాను.

చివరి మార్గం రచయితకే రాయడం. సారాంశం ఉన్న పేజీలోనే సాధారణంగా ఆయన ఈమెయిల్ ఉంటుంది. "గౌరవనీయులైన ఆచార్యులకు, నేను ఫలానా కళాశాలలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. మా జిల్లా తాగునీటిపై ప్రాజెక్టుకు మీ వ్యాసం అవసరమైంది, చదువుకోవడానికి ఒక ప్రతి పంపగలరని ప్రార్థన" అన్నంత క్లుప్తంగా, వ్యాసం పేరు, డీఓఐ జోడించి రాస్తే చాలు. జవాబు కోసం ఎదురుచూసే లోపు అదే వివరాలను లైబ్రేరియన్ గారికి ఇచ్చి, కళాశాలకు డెల్‌నెట్ (గ్రంథాలయాలు పరస్పరం వనరులు పంచుకునే వ్యవస్థ) సభ్యత్వం ఉంటే మరో గ్రంథాలయం నుంచి ప్రతి తెప్పించమని కోరవచ్చు.