సిరామిక్స్‌లో క్రీప్ – 6వ పాఠం: రేటు ఎక్కడ కొలవాలి?

క్రీప్ అంటే వేడిలో, బరువు కింద పదార్థం కాలంతోపాటు నెమ్మదిగా ఆకారం మారడం. రెండు ప్రతిబలాల (వైశాల్యం మీద పడే బలాల) దగ్గర క్రీప్ రేట్లు పోల్చి ఎన్ కనుక్కోమన్న పోయిన పాఠం లెక్కకు మీ జవాబుల్లో ఎక్కువ భాగం 1.6 దగ్గర ఆగాయి. ఎన్ అంటే ప్రతిబల ఘాతాంకం, రేటు ప్రతిబలం ఎన్నో ఘాతంతో పెరుగుతుందో చెప్పే అంకె. దాని విలువ 1 రావాలి. ఈసారి సిలికాన్ నైట్రైడ్ మొదలుపెడదామనుకున్నాను కానీ, ఈ తప్పు సరిదిద్దకుండా ముందుకెళ్తే తర్వాతి పాఠాలేవీ నిలబడవు.

అభ్యాసం కోసం నేను తయారుచేసిన అంకెలు మళ్ళీ ఇస్తున్నాను. సన్నని గ్రెయిన్ల (స్ఫటిక రేణువుల) అల్యూమినా, 1200 డిగ్రీల సెల్సియస్, 100 మెగాపాస్కల్ సంపీడనం. వికృతి, అంటే ముక్క పొడవులో వచ్చిన మార్పు, 10 గంటలకు 0.20 శాతం, 50కి 0.36, 100కి 0.46, 150కి 0.56, 200కి 0.66. అలాంటిదే ఇంకో ముక్క మీద 200 మెగాపాస్కల్ పెడితే 20 గంటలకు 0.38, 35కి 0.44, 50కి 0.50. అక్కడితో పరీక్ష ఆపాం.

మీరు చివరి వికృతిని మొత్తం గంటలతో భాగించారు. మొదటి ముక్కకు గంటకు 0.0033 శాతం, రెండోదానికి 0.010 వచ్చాయి. ప్రతిబలం రెట్టింపైతే రేటు మూడు రెట్లయింది కాబట్టి ఎన్ 1.6 అన్నారు. కొందరైతే వ్యాపనమూ (పరమాణువుల వలస) డిస్‌లొకేషన్లూ (స్ఫటికంలో అమరిక తప్పిన గీతలు) కలిసి పనిచేస్తున్నాయని వివరణ కూడా రాశారు. ఆ 0.6 పుట్టింది భాగహారంలో. దానికి అల్యూమినాలో కారణం వెతికితే దొరకదు.

100 మెగాపాస్కల్ వరసను వేలు పెట్టి చదవండి. 50 గంటలు దాటాక ప్రతి 50 గంటలకూ పెరిగింది 0.10. అంటే గంటకు 0.002 శాతం, సెకనుకు 5.6×10⁻⁹. మొదటి 50 గంటల్లోనే 0.36 వచ్చేసింది. అందులో బరువు వేసిన క్షణాన వచ్చే స్థితిస్థాపక వికృతి ఉంది, రేటు ఇంకా తగ్గుతూ ఉండే ప్రాథమిక దశ ఉంది. ఆ మొత్తాన్నీ 200 గంటలకు పంచితే రేటు 65 శాతం ఉబ్బుతుంది. రెండో ముక్క 50 గంటలకే ఆగింది. ప్రాథమిక దశను పంచుకోవడానికి గంటలు తక్కువ కాబట్టి అక్కడ రేటు రెండున్నర రెట్లు ఉబ్బింది. 20 నుంచి 50 గంటల మధ్య వాలు తీయండి: ప్రతి 15 గంటలకూ 0.06, అంటే గంటకు 0.004. ప్రతిబలం రెట్టింపు, రేటూ రెట్టింపు.

ఈ అంకెలకు అది చాలు కానీ, అసలు పరీక్షల్లో నేను వికృతి–కాలం గ్రాఫు మీద స్కేలు పెట్టి వాలు తీయను. కంటికి తిన్నగా కనిపించే గీత ఇంకా వంగుతూనే ఉండొచ్చు. రేటు సంవర్గమానాన్ని వికృతికి ఎదురుగా గీస్తాను. రేటు మారని స్థిర దశ వస్తే గీత చదునవుతుంది, రాకపోతే దిగుతూనే ఉంటుంది. సిలికాన్ నైట్రైడ్‌ను లాగి పరీక్షించేటప్పుడు గీత చదును కాకముందే ముక్క విరిగిపోవడం మామూలే. అప్పుడు దయచేసి స్థిర రేటు అని రాయకండి. కనిష్ఠ రేటు అనండి, ఏ వికృతి దగ్గర కొలిచారో పక్కనే రాయండి.

ఎన్ 1 వచ్చింది కదా అని వెంటనే వ్యాపనం అనేయకూడదు. గ్రెయిన్ సరిహద్దుల్లోని గాజు పొర జిగటగా కదిలినా 1 రావచ్చు. గ్రెయిన్ పరిమాణం మార్చి చూడాలి. వ్యాపనం లాటిస్ (గ్రెయిన్ లోపలి స్ఫటిక అమరిక) గుండా సాగే నబారో–హెరింగ్ క్రీప్‌లో గ్రెయిన్ రెట్టింపైతే రేటు నాలుగో వంతుకు పడుతుంది. సరిహద్దుల వెంట సాగే కోబుల్ క్రీప్‌లో ఎనిమిదో వంతుకు. అందుకే పరీక్ష అయ్యాక ముక్కను కోసి, పాలిష్ చేసి, గ్రెయిన్లు మళ్ళీ కొలవందే నేను ఫలితం రాయను. వేడికి గ్రెయిన్లు పెరిగితే రేటు దానంతటదే తగ్గుతుంది. అది చూడ్డానికి అచ్చం ప్రాథమిక దశలాగే ఉంటుంది.

అభ్యాసం ఒక్కటే, కానీ తొందరపడకండి. 1250 డిగ్రీల దగ్గర, ప్రతిబలం మార్చకుండా, 40వ గంటలో రేటు సెకనుకు 2.2×10⁻⁸, 160వ గంటలో 1.0×10⁻⁸. ఈ మధ్యలో గ్రెయిన్ 1.0 మైక్రాన్ నుంచి 1.3 మైక్రాన్లకు పెరిగింది. కోబుల్ అనుకుంటే ఈ తగ్గుదలలో గ్రెయిన్ పెరుగుదల వాటా ఎంత? నబారో–హెరింగ్ అనుకుంటే ఎంత మిగులుతుంది, ఆ మిగిలినదాన్ని ప్రాథమిక దశకు అంటగట్టడానికి ఇంకే కొలత కావాలి?